బాజీగర్ మళ్ళీ చూశాం, మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు దొరకడం లేదు

ముక్కామల కాలవ

అందరికీ నమస్కారం అండి. ఆదివారం అన్నాలయ్యాక ఇంట్లో బాజీగర్ పెట్టాను. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, షారుఖ్ ఖాన్ పాత సినిమాలు ఒక్కొక్కటే చూస్తోంది. చూడనివాళ్ళకి కథ ఒక్క ముక్కలో: తన కుటుంబాన్ని మోసం చేసి కూల్చిన మదన్ చోప్రా మీద పగతో అజయ్ (షారుఖ్), వాడి పెద్దకూతురు సీమని (శిల్పా శెట్టి) ప్రేమ పేరుతో నమ్మించి మేడ మీంచి తోసి చంపేస్తాడు, తర్వాత చిన్నకూతురు ప్రియకి (కాజోల్) దగ్గరవుతాడు.

నేను మొదటిసారి చూసింది 1995 సంక్రాంతికి. అమలాపురం నుంచి వీసీపీ, నాలుగు క్యాసెట్లు అద్దెకి తెచ్చాం. పొద్దున్నే తిరిగి ఇచ్చెయ్యాలి కాబట్టి రాత్రంతా ఆడాల్సిందే. పెంకుటింటి అరుగు మీద టీవీ పెడితే వీధి వీధంతా వచ్చి వాకిట్లో చాపలు పరుచుకున్నారు. హిందీ వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అయినా ఎవరికీ కథ అర్థం కాకుండా పోలేదు. చివర్లో కొడుకు తల్లి ఒళ్ళో పడి ప్రాణం వదులుతుంటే ఆడవాళ్ళందరూ కొంగులు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. నేనూ ఏడ్చాను. "పగ తీర్చుకున్నాడ్రా, మగాడంటే వాడు" అన్నాడు మా బాబాయ్. అప్పటికి నాకూ అదే సరైన మాట అనిపించింది.

ఈసారి సినిమా అయిపోయాక మా అమ్మాయి రిమోట్ చేతిలో పట్టుకుని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "నాన్నా, ఆ సీమ చేసిన తప్పేంటి?"

వాళ్ళ నాన్న మోసగాడమ్మా అన్నాను. "వాళ్ళ నాన్న సంగతి కాదు, సీమ ఏం చేసింది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్ళలో ఆ ప్రశ్న నాకు ఎందుకు రాలేదన్నదే ఇప్పుడు నన్ను తినేస్తోంది. మీరందరూ ఎలా చూశారో చెప్పండి.

తణుకు 534

సీమ ఏ తప్పూ చెయ్యలేదండి, అందులో అనుమానమే లేదు. కానీ పగ కథలన్నీ ఇంతే కదా. మదన్ చోప్రాకి డబ్బు పోతే నొప్పి తెలియదు, కూతురు పోతే తెలుస్తుంది. తండ్రినీ పసిచెల్లెల్నీ పోగొట్టుకుని, మతి చలించిన తల్లిని పెట్టుకుని పెరిగినవాడు లెక్క చూసుకోడా? నాకు ఇప్పటికీ అజయ్ మీద జాలే వస్తుంది.

రాజోలు హిందీ టీచర్

తణుకు గారూ, మీ జాలిని తప్పు పట్టను, నాకూ ఉంది. కానీ జాలి వేరు, వాడు చేసింది సరే అనుకోవడం వేరు.

నేను ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక నుంచి ప్రవీణ దాకా రాసి హిందీ నేర్చుకున్నాను. వాకిట్లో కూర్చుని చూసేటప్పుడు పక్కవాళ్ళకి మాటలు విడమరిచి చెప్పేది నేనే. అందుకని ఈ సినిమా మాట మాటా గుర్తుంది. ఆ మేడ సీనుకి ముందు ఏం జరుగుతుందో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. మన పెళ్ళికి మీ నాన్న ఒప్పుకోడు, ఇద్దరం చచ్చిపోదాం అని వాడు ఆ అమ్మాయి చేత ఉత్తరం రాయిస్తాడు. రాశాక, నీ ప్రేమని పరీక్షించానంతే అంటాడు. ఆ పిల్ల అది విని సంతోషిస్తుంది! పరీక్షలో నెగ్గానని మురిసిపోతుంది. తన చేతిరాతతో ఉన్న ఆ కాగితం ఏమయిందని అడగను కూడా అడగదు. మర్నాడు పెళ్ళికని రిజిస్ట్రారు ఆఫీసుకి వస్తారు. ఆఫీసు వాళ్ళు భోజనాలకి వెళ్ళారు. ఈలోపు మేడ మీదికి వెళ్దామంటాడు. పిట్టగోడ మీద కూర్చోబెడతాడు. ఆ అమ్మాయి ముఖంలో పెళ్ళికూతురి కళ. కిందికి తోసేస్తాడు.

శిల్పా శెట్టికి అది మొదటి సినిమా, పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. కొత్త నటి కావడం వల్లే ఆ అమాయకత్వం నటనలా కనిపించదు. మా కాలేజీలో చదివే పిల్లని ఎవరో తోసేసినట్టే ఉంటుంది.

అయితే ముక్కామల గారూ, సీమ కోసం సినిమా అసలు ఏడవలేదంటే నేను ఒప్పుకోను. కాజోల్ ఉంది కదా! అక్క ఆత్మహత్య చేసుకుందని పోలీసులు కేసు మూసేసినా ప్రియ నమ్మదు. సినిమా సగం నుంచి కథని నడిపేది ఆ అమ్మాయి అనుమానమే. వాకిట్లో మనం ఏడవలేదు, తెర మీద చెల్లెలు ఏడ్చింది.

ముక్కామల కాలవ

టీచర్ గారూ, నిజమేనండి. ప్రియ సంగతి నేను వదిలేశాను. మీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను. "అక్కని చంపినవాడినే చెల్లెలు ప్రేమిస్తోందని మనకి తెలుసు, తనకి తెలియదు, అదే భయంగా ఉంది" అంది.

కోటిపల్లి రేవు

మీ అమ్మాయి సరిగ్గా పట్టుకుందండి. చంపిందెవరో ముందే చెప్పేసి, తర్వాత చివరిదాకా టెన్షన్‌తో కూర్చోబెట్టారు దర్శకులు అబ్బాస్ మస్తాన్. ఎవరు చంపారన్నది దాచిపెట్టే సినిమా అయితే ఒక్కసారి చూస్తాం. ఇది ఎన్నిసార్లు చూసినా కాజోల్ వాడి భుజం మీద తల పెట్టినప్పుడల్లా గుండె గుబేలుమంటుంది.

ఉండి చెరువులు

ఇక్కడ ఎప్పుడూ చదవడమే తప్ప రాసింది తక్కువ. కానీ ఈ సినిమా మా ఇంటి సినిమా, అందుకని రాస్తున్నాను.

మాకు ఉండి దగ్గర నాలుగెకరాలు ఉండేది. వరి పొలాలు చెరువులైపోతున్న రోజులు. టైగర్ రొయ్యకి ఉన్న గిరాకీ చూసి మా నాన్నా తవ్వించాడు. తర్వాత వైట్ స్పాట్ రోగం వచ్చింది. పొద్దున్నే వెళ్తే గట్టు వెంబడి రొయ్యలు తేలి ఉండేవి, పెంకు మీద సున్నపు చుక్కల్లా తెల్లమచ్చలు. మేతల షాపులో బాకీ, బ్యాంకు బాకీ. ఆ టైములో దగ్గర బంధువు ఒకాయన, వరస చెప్పను, "నువ్వు తిరగలేవు, ఒక పవర్ రాసివ్వు, లోను సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. పవర్ అంటే మన తరఫున పనులు చెయ్యడానికి అధికారం ఇచ్చే కాగితం. నాన్న సంతకం పెట్టాడు. ఏడాది తిరిగేసరికి చెరువులు వేరేవాళ్ళ పేరు మీద ఉన్నాయి.

ఈ సినిమాలో విశ్వనాథ్ శర్మ కంపెనీ పోయేదీ అలాగే. జైలుకి వెళ్ళొచ్చిన మదన్ చోప్రాని మళ్ళీ నమ్మి, ఊరికి వెళ్తూ వాడికి పవర్ ఇచ్చి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి సీటు చోప్రాది. ఆ సీను వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరి ముఖమూ చూసుకునేవాళ్ళం కాదు. చిన్న అజయ్ వాన రాత్రి అమ్మ పక్కన నిలబడి చూసే చూపు నాకు తెలుసండి. పదకొండేళ్ళప్పుడు నేనూ అలాగే చూశాను. చెరువు గట్టు మీద కొత్తవాళ్ళ కాపలావాడు మమ్మల్ని దిగమన్నాడు.

అందుకని నాకు అజయ్ హీరోనే. పెద్దయ్యాక ఆ బంధువుని ఏం చెయ్యాలో అని రాత్రిళ్ళు ఆలోచించినవాణ్ణి. ఇప్పుడు మీరంతా సీమ అంటుంటే ఇంకొకటి గుర్తొస్తోంది. మా అక్క పెళ్ళికి ఆ బంధువుగారి కూతురు వచ్చింది. ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడిపోయింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను, వెళ్ళిపొమ్మందామని నోటిదాకా వచ్చింది. మా అమ్మ లోపల్నుంచి వచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, పసుపు రాసి, వాయనం ఇచ్చి పంపింది. నాతో ఒక్క మాటా అనలేదు.

రాజోలు హిందీ టీచర్

ఉండి తమ్ముడూ, చదివాను. రెండుసార్లు చదివాను.

దస్తావేజు రాసే ఇల్లు

మా నాన్నగారు నలభై ఏళ్ళు రిజిస్ట్రారు ఆఫీసు ముందు రేకుల షెడ్డులో దస్తావేజులు రాశారు. నేనూ అదే పని. ఉండి గారి పోస్టు చూశాక ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు పవర్ సంగతి. అది రాసిచ్చినంత మాత్రాన ఆస్తి ఇచ్చేసినట్టు కాదు. నా తరఫున ఈ పనులు చెయ్యి అని ఇచ్చే అధికారం అంతే, 1872 కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. ఇచ్చినవాడు రద్దు చేసుకోవచ్చు. ఇచ్చినవాడు పోతే అదీ పోతుంది, పుచ్చుకున్నవాడికి ఆ ఆస్తిలో సొంత హక్కు ఉన్న సందర్భాలు తప్ప. జీపీఏ, అంటే జనరల్ పవర్ మీద కొన్నంత మాత్రాన యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. చిక్కెక్కడంటే, రద్దు చేసేలోపు పవర్ ఉన్నవాడు వేరొకరికి రిజిస్టర్ చేసిపెడితే దాన్ని తిప్పడం మహా కష్టం. అందుకే మా నాన్న పవర్ రాయించుకోవడానికి వచ్చినవాళ్ళని, "అమ్మే అధికారం కూడా రాయమంటారా?" అని మూడుసార్లు అడిగేవారు. ఇచ్చే మనిషి ముఖం చూసి అడిగేవారు, పుచ్చుకునేవాడి ముఖం చూసి కాదు.

ఇక సినిమా. నేను దీన్ని మా వృత్తి కళ్ళతో చూస్తాను. మొదటినుంచీ చివరిదాకా కాగితాలే నడిపిస్తాయి. శర్మ ఇచ్చిన పవర్‌తో ఆ కుటుంబం కూలింది. సీమ రాసిన ఉత్తరంతో ఆమె హత్య ఆత్మహత్య అయిపోయింది. ఆమె స్నేహితుడు రవి సాక్ష్యం చెప్పేలా ఉంటే వాడి చేతా సంతకం పెట్టించుకుని చంపుతాడు, అదీ ఆత్మహత్యే అవుతుంది. ఆఖరికి చోప్రా తనంతట తాను అల్లుడు కాబోయేవాడికి పవర్ ఇచ్చి ఊరికి వెళ్తాడు, తిరిగొచ్చేసరికి సీటు పోయింది. చోప్రా నేర్పిన విద్యే అజయ్ చేతికి వచ్చింది. కానీ చోప్రా కాగితంతో ఆస్తి లాక్కున్నాడు, అజయ్ కాగితంతో ప్రాణాలు కూడా తీశాడు. ఈ లెక్కన ఇద్దరిలో ఎవరు పెద్ద మోసగాడు? నాకైతే అజయే.

ఇంకొక్క మాట. వాళ్ళు రిజిస్ట్రారు ఆఫీసుకి అలా వెళ్ళి ఇలా పెళ్ళి చేసుకుందామనుకుంటారు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే ముందు నోటీసు ఇవ్వాలి, అందరికీ కనిపించేచోట అంటిస్తారు, 30 రోజులు ఆగాలి. ఆ నోటీసు ఎవరో ఒకరు చదివి ఇంట్లో చెప్పిన పెళ్ళిళ్ళు నేను చూశాను. ప్రేమించుకున్న పిల్లలకి అది పెద్ద ఇబ్బందే, ఆ బాధా నాకు తెలుసు. కానీ ఈ సినిమా చూసినప్పుడల్లా ఆ బోర్డు మీద సీమ పేరు ఉండి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

తణుకు 534

దస్తావేజు గారూ, సంతకాల సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇన్నిసార్లు చూశాను.

అయినా ఒక మాట అడుగుతాను. అజయ్ చోప్రా కంటే పెద్ద మోసగాడైతే మనకి వాడి మీద కోపం ఎందుకు రాదు? వాకిట్లో చూసిన ఆడవాళ్ళు కూడా వాడికోసమే ఏడ్చారు కదా.

కాకినాడ లైబ్రరీ

దానికి జవాబు ఈ కథ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే తెలుస్తుంది. ఇరా లెవిన్ అనే అమెరికన్ రచయిత 1953లో రాసిన నవల దీనికి మూలం. హాలీవుడ్‌లో రెండుసార్లు, 1956లోనూ 1991లోనూ సినిమాగా తీశారు. ఆ నవలలో కుర్రాడికి ఏ పగా లేదు. వాళ్ళ నాన్నని ఎవరూ మోసం చెయ్యలేదు. ధనవంతుడి కూతుళ్ళలో ఒకరిని చేసుకుని ఆస్తి కొట్టెయ్యాలన్న ఆశ, అంతే. మొదటి అమ్మాయి గర్భవతి అయిందనీ, తండ్రి ఆమెకి చిల్లిగవ్వ ఇవ్వడనీ తెలిసి చంపుతాడు. ఆ పుస్తకం చదివినవాళ్ళకి వాడి మీద అసహ్యం తప్ప ఇంకేం రాదు.

హిందీలోకి తెచ్చినప్పుడు తల్లినీ, పసిపాపనీ, వాన రాత్రినీ చేర్చారు. దాంతో హంతకుడు కొడుకైపోయాడు. మన దేశంలో కొడుకుని క్షమించని ప్రేక్షకుడు లేడు. ఆ తల్లిగా రాఖీని పెట్టారు. ఆవిడ పెద్దగా మాట్లాడదు, ఎటో చూస్తూ ఉంటుంది, ఆ చూపు చాలు. కథ రాసినవాళ్ళ తెలివిని నేను మెచ్చుకుంటాను. కానీ సీమ ప్రాణానికి మనం కోపం తెచ్చుకోకుండా ఆపింది ఆ తెలివే.

పాలకొల్లు పాత బ్యాచ్

తెలుగులో దీన్నే 1995లో వేటగాడు అని తీశారు. రాజశేఖర్, సౌందర్య, రమ్యకృష్ణ. ఎన్టీఆర్ గారి పాత వేటగాడు కాదు, ఇది వేరు. నేను నేల టికెట్‌కి చూశాను. హాల్లో నాకు బాగా గుర్తున్నది నిశ్శబ్దం. అంకుశంలో నిజాయితీ పోలీసుగా రాజశేఖర్‌ని నెత్తిన పెట్టుకున్న జనం మేము. అలాంటి మనిషి నమ్మిన అమ్మాయిని తోసేస్తే ఈల వెయ్యాలో తిట్టాలో ఎవరికీ తెలియలేదు. నా వెనక కూర్చున్న పెద్దాయన "ఇదేం పని బాబూ" అన్నాడు, తెర మీద మనిషితో అన్నట్టే అన్నాడు.

షారుఖ్‌కి ఆ బరువు లేదు. టీవీ నుంచి వచ్చినవాడు, మొదటి సినిమా దీవానా వచ్చింది 1992లో. ఇంకా జనం మనసులో ఫలానా హీరో అని ముద్ర పడలేదు. అందుకే నవ్వే ముఖంతో హత్య చేస్తే నమ్మారు. బాజీగర్ వచ్చిన ఏడాదే, 1993 డిసెంబరులో డర్ వచ్చింది, అందులోనూ వద్దన్న అమ్మాయి వెంటపడేవాడే. బాజీగర్‌కి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుడు అవార్డు కూడా ఇచ్చారు. ఆ రెండు సినిమాలూ చేశాక కూడా ఆయన ప్రేమకథల హీరో అయ్యాడంటే ఆ కళ్ళలో ఏదో ఉండాలి మరి.

కోటిపల్లి రేవు

పాటలు మర్చిపోకండి. సంగీతం ఇచ్చిన అను మాలిక్‌కీ, నల్లకళ్ళ పాట (యే కాలీ కాలీ ఆంఖే) పాడిన కుమార్ సానుకీ కూడా ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. మా వైపు పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మేళం ఆ పాట వాయించని సీజన్ లేదు. పెళ్ళికొడుకు కారు ముందు ఆ పాటకి నేను ఎన్నిసార్లు గంతులేశానో. పాట ఒంటరిగా వింటే ఎంత హుషారు! సినిమాలో వింటే మాత్రం పాడుతున్నవాడెవడో గుర్తొచ్చి నోరు మూతపడుతుంది.

రాజోలు హిందీ టీచర్

పాలకొల్లు గారి మాట మీద ఒకటి. మా కాలేజీలో అప్పట్లో మగపిల్లలు ఆ సినిమా చూసొచ్చి జుట్టు అలా వదిలి, కాలరు పైకెత్తి తిరిగేవాళ్ళు. అది వయసు, నేను పట్టించుకోలేదు. కానీ ఆడపిల్లలు ఏం నేర్చుకున్నారో నాకు తర్వాత తెలిసింది. ఒకమ్మాయి తన పుస్తకంలో పెట్టుకున్న ఉత్తరం నా కంటపడింది. ఎవరో రాయమంటే రాసినట్టు ఉంది. "నా చావుకి ఎవరూ కారణం కాదు" అని మొదలవుతుంది. పిలిచి కూర్చోబెట్టి అడిగితే, తనని ఇష్టపడే అబ్బాయి నీ ప్రేమ నిజమైతే రాసివ్వు అన్నాడంది. సినిమా చూసే అడిగాడో, వాడికే పుట్టిన బుద్ధో చెప్పలేను. ఆ కాగితం నేను అక్కడే నాలుగు ముక్కలు చేసి చింపేశాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. నేను కనిపిస్తే ఆగి పలకరిస్తుంది, ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం.

అందుకే ఆ ఉత్తరం సీను దగ్గర నేను ఇప్పటికీ కదలకుండా చూస్తాను. పక్కన ఆడపిల్లలుంటే సినిమా ఆపి మాట్లాడతాను.

ముక్కామల కాలవ

టీచర్ గారూ, ఈ పోస్టు మా అమ్మాయి నా చేతిలోంచి ఫోను తీసుకుని తనే చదువుకుంది.

చివరి సీను గురించి కూడా అడగాలనుకున్నాను. చోప్రా ఇనుప కడ్డీ పొడిస్తే, అజయ్ ఆ కడ్డీతోనే వాడిని తనవైపు లాక్కుని ఇద్దరికీ కలిపి గుచ్చుతాడు కదా. ఆ రోజుల్లో అది వీరత్వం అనుకున్నాం. ఇప్పుడు చూస్తే ఇద్దరూ ఒకే కడ్డీకి ఉన్నారు అనిపించింది. దస్తావేజు గారు చెప్పిన మాటే ఇంకోలా ఉన్నట్టుంది.

కాకినాడ లైబ్రరీ

అవునండి, సినిమా వాడిని వదిలిపెట్టలేదు, అది నేను ఒప్పుకుంటాను. తల్లి ఒళ్ళో చావు ఇచ్చింది తప్ప బతుకు ఇవ్వలేదు. ప్రియని కూడా వాడికి కట్టబెట్టలేదు. ఇప్పటి పగ సినిమాల్లో హీరో నలభై మందిని నరికి చివర్లో నడుచుకుంటూ వెళ్ళిపోతున్నాడు. 1993లో ఆ పాటి భయం ఉండేది.

తణుకు 534

నేను మొదట రాసినదాంట్లో "లెక్క చూసుకోడా" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. లెక్క చోప్రాతో చూసుకోవాలి. కంపెనీ తిరిగి లాక్కున్న రోజు లెక్క తీరిపోయింది, దానికి సీమ అవసరమే లేదు. అజయ్ మీద జాలి మాత్రం పోవడం లేదండి, ఏం చెయ్యను.

పాలకొల్లు పాత బ్యాచ్

పోనక్కర్లేదు తణుకు గారూ. వాన రాత్రి కుర్రాడి మీద జాలి ఉంచుకోండి. మేడ మీద మనిషి వేరు.

దస్తావేజు రాసే ఇల్లు

ఉండి గారూ, ఇన్నేళ్ళ తర్వాత లాభం ఎంతో చెప్పలేను కానీ, మీ నాన్నగారి పవర్ నకలు, ఆ తర్వాతి దస్తావేజు నకలు తీయించారా? ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) పెడితే ఎవరి నుంచి ఎవరికి పోయిందో వరసగా వస్తుంది. ఒకసారి చూసిపెడతాను, ఫీజు వద్దు.

ఉండి చెరువులు

దస్తావేజు గారూ, నమస్కారం. నకళ్ళు తీయించాం, లాయరు కూడా చూశారు. నాన్న పోయాక మేమే వదిలేశాం. మీరు అడిగారు, అది చాలు.

ముక్కామల గారూ, మీ అమ్మాయి ప్రశ్న నిన్న ఫోనులో మా అమ్మకి చెప్పాను. కాసేపు ఏం అనలేదు. "సీమ అంటే ఆ మొదట పోయిన పిల్లేనా?" అంది. అవునన్నాను. అప్పుడు నాకు గుర్తొచ్చింది. టీవీలో ఆ సినిమా వచ్చిన ప్రతిసారీ మేమందరం చూసేవాళ్ళం, అమ్మ కూడా కూర్చునేది. ఆ ఇద్దరూ మెట్లెక్కుతుండగా మాత్రం లేచేది. పొయ్యి మీద పాలు పొంగిపోతాయేమో చూసొస్తానని వంటింట్లోకి వెళ్ళి, ఆ సీను అయిపోయాక వచ్చేది. పొయ్యి మీద పాలు ఉండేవి కావు.